మట్టలతో వచ్చిన తెల్లదోమ

నేను బడిలో జీవశాస్త్రం చెబుతాను. ఈగకు రెక్కలెన్నో, సాలీడుకు కాళ్ళెన్నో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. అలాంటి నేను ఒక పరాయి దేశపు పురుగును ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని, ఎండ తగలకుండా మీద పట్టా కప్పి, పిల్లల చేత పాటలు పాడించి మరీ మా ఊళ్ళోకి ఊరేగింపుగా తీసుకొచ్చాను. ఈ మాట చెబితే మా స్టాఫ్ రూములో మొదట ఎవరూ నమ్మలేదు. నమ్మాక మాత్రం నవ్వడం ఆపలేదు. నవ్వనివ్వండి. ఇప్పుడు నేనూ నవ్వుతున్నాను కానీ, మధ్యలో రెండు నెలలు నాకు తిన్నది ఒంటబట్టలేదు.

మాది నూజివీడుకూ రెడ్డిగూడేనికీ మధ్య ఉన్న చిన్న ఊరు. ఎటు చూసినా మామిడి తోటలే. మా ఇంటి వెనక ముళ్ళతీగ కంచె, కంచె అవతల పిన్నిగారి తోట. పిన్నిగారు నాకు చుట్టం కాదు. వాళ్ళది తాతల నాటి నుంచి తోటలు చేసుకునే కుటుంబం, మాది చర్చి కుటుంబం. ఇరవై ఏళ్ళ కిందట మేం ఇక్కడ ఇల్లు కట్టుకుంటున్నప్పుడు, ఆవిడ కంచె దగ్గరకొచ్చి, "ఆ గోడ వంకరగా పోతంది, కళ్ళు కనపట్టల్లేదా" అని మా మేస్త్రీని నా తరఫున తిట్టిపోశారు. ఆ రోజు నుంచి నాకు పిన్నిగారయ్యారు. డెబ్బై దాటినా తోట పనంతా ఇప్పటికీ ఆవిడే దగ్గరుండి చూసుకుంటారు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున ఆవిడ చెవిన పడిన సంగతి మధ్యాహ్నం భోజనాల వేళకు ఊరంతా తెలిసిపోతుంది.

మా కంచె పొడవునా, ఆవిడ వైపు, పద్నాలుగు కొబ్బరి చెట్లున్నాయి. ఆవిడ చేత్తో నాటినవే. కాయల కోసం నాటలేదు, గాలి కోసం నాటారు. ఎండాకాలం సాయంత్రాలు పడమటి నుంచి ఈదురుగాలి లేచిందంటే ముదిరిన మామిడికాయలు ఒక్క ఊపుకు నేలపాలవుతాయి. ఆ కొబ్బరి వరుస గాలిని చాలావరకు కంచె దగ్గరే ఆపేస్తుంది. గాలి వచ్చిన మర్నాడు ఊళ్ళో వాళ్ళంతా రాలిన కాయలు ఏరుకుంటుంటే, పిన్నిగారు చేతులు వెనక్కి కట్టుకుని తమ తోటలో తిరుగుతూ, "మా చిన్న రసాలు కాడ వదల్లేదు" అని దారినపోయే వాళ్ళకు వినపడేలా అంటారు. ఆవిడకు ఆ పద్నాలుగు చెట్లంటే ప్రాణం.

ఇక మట్టల ఆదివారం సంగతి. ఈస్టరుకు ముందు ఆదివారం మా చర్చిలో పిల్లలూ పెద్దలూ చేతుల్లో మట్టలు పట్టుకుని, హోసన్నా అంటూ ఊరంతా తిరుగుతాం. ఆరాధన అయ్యాక ఆ మట్టను ఎవరిది వాళ్ళు ఇంటికి తీసుకెళ్ళి గేటుకు కట్టుకుంటారు. మా దగ్గర వాగు గట్టున దొరికే ఈత మట్టలే ఎప్పుడూ వాడేవాళ్ళం. ఈత మట్టకు మొదలు దగ్గర ముళ్ళుంటాయి. ఒక ఏడాది నా పక్కన నడుస్తున్నావిడ మట్ట ముల్లు నా కొత్త చీర కొంగుకు పట్టుకుని బెత్తెడు చిరిగింది. పండగ పూట ఏమీ అనలేక ఊరుకున్నాను కానీ, లోపల మాత్రం రగిలిపోయాను. మరుసటేడు స్త్రీల సమాజం మీటింగులో లేచి నిలబడి, "ముళ్ళ మట్టలతో పసిపిల్లల కళ్ళు పోతాయి. ఈసారి కొబ్బరి మట్టలు తెద్దాం. ఉంగుటూరులో మా తమ్ముడి పొలం గట్ల మీద కావలసినన్ని ఉన్నాయి. తెచ్చే బాధ్యత నాది" అన్నాను. చీర సంగతి ఎత్తలేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

శనివారం పొద్దున్నే ట్రాలీ ఆటో మాట్లాడుకుని ఉంగుటూరు వెళ్ళాను. తమ్ముడు మనిషిని ఎక్కించి మట్టలు నరికించాడు. ఆకుల అడుగున తెల్లగా, పిండి చల్లినట్టుగా, గుండ్రటి గీతలు గీతలుగా ఉంది. "ఏంట్రా ఇది?" అన్నాను. "అది ఎప్పుడూ ఉండేదేలే అక్కా. పోయినేడు ఇంకా ఎక్కువుండేది. దులిపితే పోద్ది" అన్నాడు వాడు. దులిపితే కొంచెం పోయింది. నా చేతికి జిడ్డుగా తగిలింది. లోకంలో ఉన్న పురుగులన్నిటి గురించీ బోర్డు మీద బొమ్మలు గీసే నేను ఆ జిడ్డును చీర చెంగుకు తుడుచుకుని ఆటో ఎక్కాను. మర్నాడు చర్చి దగ్గర ఒకావిడ అడిగింది కూడా: "టీచరుగారూ, ఈ తెల్లదేంటండీ?" "దుమ్మండీ, రోడ్డు పక్క చెట్లు కదా" అని టక్కున చెప్పాను. టీచరు చెప్పాక ఇంకెవరు అనుమానిస్తారు?

ఊరేగింపు బ్రహ్మాండంగా జరిగింది. ఎవరి చీరా చిరగలేదు. ప్రతి ఇంటి గేటుకూ ఒక పచ్చటి కొబ్బరి మట్ట వచ్చింది. మా గేటుకైతే పెద్దవి చూసి రెండు కట్టాను. మిగిలిన మోపును ఎండితే పొయ్యిలోకి పనికొస్తుందని పెరట్లో కంచెకు ఆనించాను, పిన్నిగారి చెట్ల కింద.

మే నెలలో సెలవులు. ఒక సాయంత్రం పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చుని తల ఎత్తితే, పిన్నిగారి కొబ్బరి చెట్టు కింది మట్టల అడుగున తెల్లటి గుండ్రటి గీతలు కనిపించాయి. కర్రతో ఆకును కదిపితే చిన్న చిన్న తెల్లటి రెక్కలు పొగలాగా లేచి మళ్ళీ అక్కడే వాలాయి. లోపలికి వెళ్ళి ఫోనులో వెతికాను. అరగంటలో అంతా అర్థమైంది. అది కొబ్బరిని పట్టే తెల్లదోమ. పుట్టుక సముద్రాల అవతల. ఆకు అడుగున చక్రాలు చుట్టినట్టు గుడ్లు పెడుతుంది, పిల్లలు అక్కడే అతుక్కుని రసం పీలుస్తాయి. అది తనంతట తాను పక్క చెట్టు దాకా, మహా అయితే పక్క తోట దాకా ఎగరగలదు. ఊళ్ళు దాటాలంటే మాత్రం మనిషి మోయాలి. మొక్కల్లో, ఆకుల్లో, బళ్ళలో. నేను మోసుకొచ్చింది అదే.

వెంటనే పరుగెత్తి పిన్నిగారికి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. రేపు చెబుదాం అనుకున్నాను. రేపు కాస్తా వారమైంది. క్లాసులో ఎవడైనా తప్పు చేసి నోరు మెదపకపోతే, "నిజం చెప్పడానికి ఏం మాయరోగం?" అని కేకలేసే మనిషిని నేను. ఆ మాయరోగం ఏమిటో ఆ వేసవిలో బాగా తెలిసింది. పురుగుల టీచరు పురుగును దుమ్మనుకుందని ఊరంతా నవ్వుతుంది. అదొక సిగ్గు. అంతకంటే, పిన్నిగారు కంచె అవతల నుంచి నన్ను ఎలా చూస్తారోనన్న భయం ఎక్కువ.

ఆవిడకూ త్వరలోనే కనబడింది. జూన్ వచ్చేసరికి తెల్లదోమ విసర్జించే తీపి జిడ్డు కింది ఆకుల మీద పడి, దాని మీద నల్లటి మసి బూజు పట్టింది. కొబ్బరి వరుస పక్కనున్న మామిడి చెట్ల ఆకులు పొయ్యి దగ్గర పెట్టినట్టు నల్లబడ్డాయి. అప్పటికి కాయ కోత దాదాపు అయిపోయింది కాబట్టి సరిపోయింది. పిన్నిగారు మందుల షాపు వాడు ఇచ్చిన మందేదో రెండుసార్లు కొట్టించారు. కొట్టిన నాలుగు రోజులు తగ్గినట్టే ఉండి, తర్వాత దోమలు ఇంతకింతా అయ్యాయి. ఇది ఎవరు తెచ్చి పెట్టారన్న విచారణ మొదలైంది. అవతలి గట్టు రైతు పోయినేడు ఎక్కడి నుంచో రెండు కొబ్బరి మొక్కలు తెచ్చి నాటాడు. నేరం ఆయన మీద పడింది.

"నీ మొక్కలు తగలెయ్య, నా తోట తగలేశావు గదయ్యా" అని గట్టు మీద నిలబడి ఆయన్ను కడిగేశారు.

"నా మొక్కలకి ఏం లేదండీ, వచ్చి చూడండి" అని ఆయన మొత్తుకుంటున్నాడు. నేను మా పెరట్లో బట్టలు ఆరేస్తూ అంతా విన్నాను. ఆరేసిన చీరనే మళ్ళీ తీసి ఆరేశాను. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరికీ మాటల్లేవు. నాకు మాత్రం పిన్నిగారు రోజూ కంచె మీదుగా ఆయన మీద చాడీలు చెబుతూ, మధ్యలో ఒక పండో రెండు పళ్ళో అందించేవాళ్ళు. ఆ పళ్ళు కోసుకుని తినబుద్ధి కాక ఇంటికొచ్చిన వాళ్ళకల్లా ఇచ్చేశాను.

జూన్ చివర్లో ఒక పొద్దున పిన్నిగారు కంచె దగ్గరకొచ్చి మామూలుగానే అన్నారు. "కొబ్బరి వరుస కొట్టించేస్తన్నా టీచరమ్మా. కాపెట్టాగూ అయిపోయింది. ఇదిట్టాగే ఉంటే మసి కొత్త చిగుళ్ళకి పట్టుద్ది, వచ్చే ఏడు పూత ఉండదు. బుధవారం కోత మిషనోళ్ళు వస్తన్నారు." అంటూనే ఒక చెట్టు మొదలు మీద చెయ్యేసి రెండు సార్లు తట్టారు. చెయ్యి తీయడానికి చాలాసేపు పట్టింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే నా పాత విద్యార్థికి ఫోన్ చేశాను. నా దగ్గర తొమ్మిది, పది చదువుకున్న ఆ అమ్మాయి ఇప్పుడు తోటల ఆఫీసరు. "మేడమ్, చెట్లు కొట్టించకండి, నేనొచ్చి చూస్తా. బుధవారం పొద్దున్నే వస్తా" అంది.

బుధవారం ఆ అమ్మాయి బండి ఆపే వేళకు కోత వాళ్ళు తోట ఆ చివర మొదటి చెట్టుకు తాడు కడుతున్నారు. పిన్నిగారు ప్లాస్టిక్ కుర్చీలో ముఖం అటు తిప్పుకుని కూర్చున్నారు. ఆ అమ్మాయి ఒక ఆకు తెంపి, బ్యాగులోంచి భూతద్దం తీసి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"మందులు కొట్టారా అమ్మమ్మగారూ?"

"రెండుసార్లు."

"అదే తప్పయింది. ఆ మందుకి ఇవి సగమే చస్తాయి. వీటిని తినే పురుగులుంటే అవి మాత్రం మొత్తం చస్తాయి. దీనికొక శత్రువుందండీ, కంటికి సరిగా ఆనని బుల్లి కందిరీగ. మనల్ని కుట్టదు. ఈ తెల్లదోమ పిల్లల్లోనే గుడ్డు పెట్టుద్ది. అప్పుడా పిల్ల నల్లగా అయిపోద్ది, దాన్ని తినేసి కందిరీగ బయటికొస్తది. ఇక్కడ చూశారా, ఒక్కటి కూడా నల్లది లేదు. దోమ ఇక్కడికి కొత్తగా వచ్చింది, కందిరీగ ఇంకా రాలేదు."

"మరెక్కడుంటది ఆ ఈగ?"

"ఈ దోమ ఎక్కణ్ణుంచి వచ్చిందో అక్కడుంటది. పాతబడిన చోట అది దాదాపు ఉండి తీరుద్దండీ. అక్కణ్ణుంచి నల్లబడిన ఆకులు నాలుగు తెచ్చి ఈ చెట్లకి కడితే చాలు. చెట్లు కొట్టక్కర్లేదు. కాకపోతే ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలి."

"తెలవకేం, ఆ గట్టాయన మొక్కలే" అన్నారు పిన్నిగారు.

"దారిలో ఆయనే ఆపి తన మొక్కలు చూపించారండీ. శుభ్రంగా ఉన్నాయి."

ఆ అమ్మాయి ఇప్పుడు నా వైపు చూసింది. "మేడమ్, మీకేమన్నా తెలుసా? ఈ మధ్య ఊళ్ళోకి బయట నుంచి మొక్కలు గానీ, మట్టలు గానీ ఎవరన్నా తెచ్చారా?"

పిల్లల్ని నిలబెట్టి ప్రశ్నలడగడమే గానీ, ఒక విద్యార్థి ముందు నేను అలా నిలబడటం అదే మొదటిసారి. తోట చివర మిషను స్టార్టు చేసి చూస్తున్న చప్పుడు వినిపించింది. తెలియదంటే సరిపోతుంది. పద్నాలుగు చెట్లూ పోతాయి, నా పరువు నాకుంటుంది. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది కూడా. దాచి ఏం లాభం, వచ్చింది.

"నేనే తెచ్చాను పిన్నిగారూ" అన్నాను. "మట్టల ఆదివారానికి. ఉంగుటూరు నుంచి. మిగిలిన మోపు మీ చెట్ల కిందే పెట్టాను."

పిన్నిగారు కుర్చీలోంచి నెమ్మదిగా ఇటు తిరిగారు.

"నీకెప్పుడు తెలిసింది?"

"మే నెలలో."

ఆవిడ లేచారు. నన్ను దాటుకుని తోట చివరికి నడిచి వెళ్ళి, "తాడు విప్పండయ్యా, ఇయ్యాలొద్దు. మళ్ళీ కబురుజేస్తా" అని వాళ్ళను పంపేశారు. తిరిగి వచ్చి ఆ అమ్మాయితో, "వినాయక చవితి దాకా చూస్తానమ్మా. అప్పటికీ ఇట్టాగే ఉంటే కొట్టించేస్తా" అని లోపలికి వెళ్ళిపోయారు. నా వైపు చూడలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేది. ఆవిడ తిట్లు నాకు అలవాటే. నోరు మూసుకుని వెళ్ళిపోవడం మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఇంటికొచ్చి వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

మర్నాడు పొద్దున్నే, అప్పుడు మట్టలు తెచ్చిన ఆటోనే మళ్ళీ మాట్లాడాను. అది ఇంటి ముందు ఆగేసరికి, డ్రైవరు పక్క సీట్లో పిన్నిగారు ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చుని ఉన్నారు! వీధి మొదట్లోనే ఆపి ఎక్కేశారట. నేను, ఆఫీసరమ్మాయి వెనక ట్రాలీలో కూర్చున్నాం. నూజివీడు దాకా ఆవిడ పెదవి విప్పలేదు. నూజివీడు దాటాక ఒక గోతిలో బండి ఎగిరిపడింది. "కళ్ళెక్కడ పెట్టుకు తోల్తన్నావయ్యా! వెనకాల టీచరమ్మ ఉంది" అని డ్రైవరు మీద విరుచుకుపడ్డారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

మమ్మల్ని చూసి మా తమ్ముడు నోరు వెళ్ళబెట్టాడు. "ఏంటక్కా, మళ్ళీ మట్టల పండగా?"

"నోర్మూసుకుని నిచ్చెన తీసుకురా" అన్నాను.

అక్కడి ఆకులు భూతద్దంలో చూస్తే మా ఆకుల్లా లేవు. తెల్లటి పిల్లల మధ్య నల్లటి చుక్కలు, ఒక్కొక్క నల్ల చుక్క మీద సూదితో పొడిచినట్టు గుండ్రటి చిల్లు. కందిరీగ పుట్టి బయటికి వచ్చిన దారి అది. పోయినేడు ఎక్కువుండేదని, ఇప్పుడు తగ్గిందని వాడు ఊరికే అనలేదన్నమాట. వాడి చెట్లను ఎవరూ ఏ మందూ కొట్టకుండా కందిరీగలే చూసుకున్నాయి. పిన్నిగారు అద్దం నా చేతిలోంచి లాక్కుని, ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూశారు. "ఇంతే ఉంటదా? ఇదా అంత పని చేసేది?" అన్నారు ఎవరితోనూ కాకుండా.

ఈసారి మట్టలకు మట్టలు వేసుకురాలేదు. ఆఫీసరమ్మాయి ఒక్కొక్క ఆకునూ అద్దంలో చూసి, చిల్లు పడని, అంటే కందిరీగ ఇంకా లోపలే ఉన్న నల్లవి ఎక్కువున్న ముక్కలే కత్తిరించి, వాటి మీద తెల్లవి కనబడితే తడిగుడ్డతో తుడిచేసి, గుడ్డ సంచుల్లో వేసి మూతి బిగించింది. "మనం తెచ్చేదేంటో చూసుకుని తెచ్చుకోవాలి మేడమ్" అంది. ఆ అమ్మాయికి ఆ మాట నేను ఎప్పుడైనా చెప్పానేమో తెలియదు, నాకు మాత్రం ఆ రోజు బాగా బుర్రకెక్కింది.

పద్నాలుగు చెట్లకూ కింది మట్టలకు ఆ ముక్కలు కట్టాం. మా వీధిలో గేట్లకు మట్టలు కట్టుకున్న ఇళ్ళలోనూ తిరిగి, చెట్టున్న చోటల్లా ఆకు తిప్పి చూశాం. దోమ కనబడిన మూడిళ్ళలోనూ ముక్కలు కట్టాం. మందులు కొట్టొద్దని, ఆకు అడుగుకు పైపుతో నీళ్ళు గట్టిగా కొట్టమని, అవసరమైతే సబ్బు నీళ్ళలో వేపనూనె కలిపి కొట్టమని, ఊరు దాటి మొక్కలూ ఆకులూ మోయొద్దని ఆ అమ్మాయి అందరికీ చెప్పింది. మామిడి ఆకుల మీది మసికి ఏం చెయ్యాలని పిన్నిగారు అడిగితే, "పల్చటి గంజి కొట్టండి అమ్మమ్మగారూ. ఎండకి పొరలాగా ఆరి, మసిని పట్టుకుని ఊడిపోద్ది" అంది.

గంజి! అక్కడ వచ్చింది చిక్కు. ఊళ్ళో అన్నిళ్ళలోనూ కుక్కర్లే. గంజి వార్చే ఇల్లు ఒక్కటి లేదు. పిన్నిగారి ఇంట్లోనూ కరెంటు కుక్కరే. చివరికి మా చర్చి గుర్తొచ్చింది. ఆ ఆదివారం ప్రేమ విందు, ఊరందరికీ అన్నం పెద్ద గుండిగలో వండి వారుస్తారు. నేను వంట దగ్గర నిలబడి గంజి చుక్క కింద పోకుండా బక్కెట్లలో పట్టించాను. పిన్నిగారు చర్చి గేటు దగ్గర స్ప్రేయరు పట్టుకుని నిలబడ్డారు. పాస్టరుగారు భోజనానికి రమ్మంటే, "ముందు నా చెట్లు తాగాలండీ, తర్వాత నేను తింటా" అన్నారు. గంజి కొట్టిన మూడో రోజుకు మసి పెచ్చులు పెచ్చులుగా ఊడి నేల మీద పడింది. మామిడి ఆకు మళ్ళీ ఆకుపచ్చగా కనబడింది.

అవతలి గట్టు రైతుకు క్షమాపణ చెప్పడమన్నది ఆవిడ వల్ల అయ్యే పని కాదు. కొత్త ఆవకాయ జాడీ ఒకటి మాత్రం ఆ ఇంటికి వెళ్ళింది. ఆయన జాడీ కడిగి, అందులో తన తోట నిమ్మకాయలు వేసి పంపాడు. మాటలు కలిశాయి.

కందిరీగల సంగతి మాత్రం తేలలేదు. పది రోజులకోసారి నేనూ పిన్నిగారూ భూతద్దం పట్టుకుని చెట్లన్నీ చూసేవాళ్ళం. జూలైలో ఏమీ లేదు. వానలకు దోమ కాస్త తగ్గింది కానీ, అది వాన గొప్పేనని ఇద్దరికీ తెలుసు. ఆగస్టు వచ్చింది. చవితి దగ్గరపడుతుంటే నాకు దిగులు పట్టుకుంది. పిన్నిగారు మిషను వాళ్ళ నంబరు ఎవరినో అడుగుతుంటే విని ఇంకా హడలిపోయాను. తర్వాత ఒక ఆదివారం నేను చర్చి నుంచి వస్తుంటే కంచె దగ్గర నుంచి పెద్ద కేక వినిపించింది.

"టీచరమ్మా! రా ఇట్టా! దొరికింది!"

చెప్పులు విప్పకుండానే పరుగెత్తాను. చివరి నుంచి మూడో చెట్టు, కింది ఆకు. ఒక నల్ల చుక్క. పక్కన ఇంకొకటి. లెక్కపెడితే ఏడు. ఇద్దరం తోట మధ్యలో నిలబడి చిన్నపిల్లల్లా నవ్వుకున్నాం. చవితి నాటికి పద్నాలుగింటిలో పదకొండు చెట్లకు నల్ల చుక్కలొచ్చాయి. మిషను వాళ్ళకు మళ్ళీ కబురు పోలేదు. పైన కొత్తగా విప్పిన మట్టలు శుభ్రంగా ఉన్నాయి. దోమ పూర్తిగా పోలేదు, ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తుంది. మొత్తం పోతే కందిరీగకు తిండి ఉండదని, కొంచెం ఉండటమే మంచిదని ఆఫీసరమ్మాయి అంటుంది. ఆ మాట పిన్నిగారికి మొదట నచ్చలేదు కానీ, ఇప్పుడు వచ్చిన వాళ్ళకు అదే పాఠం చెబుతున్నారు.

వచ్చిన వాళ్ళంటే, సంగతి తెలిసి చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు రావడం మొదలుపెట్టారు. చలి మొదలైన రోజుల్లో ఒకాయన మైలవరం వైపు నుంచి వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ సంచీ, లోపల కొబ్బరాకు. ముడి విప్పబోతే పిన్నిగారు అంత దూరం నుంచే గావుకేక పెట్టారు. "విప్పకు నాయనా! బయట నుంచే చూస్తాం!" నేను కంచె ఇవతల నుంచి నవ్వుకుంటూ వింటున్నాను. ఆయన తన చెట్ల గురించి చెప్పుకున్నాడు. తర్వాత అడిగాడు:

"మీకు ఇదెట్టా వచ్చిందండీ?"

పిన్నిగారు సంచీ మీంచి చూపు తిప్పలేదు. "వచ్చింది నాయనా. ఎట్టా వస్తే ఏంటి? ఉంగుటూరులో కందిరీగ ఉందని ఆఫీసరమ్మ చెప్తే పోయి తెచ్చాం" అన్నారు.

అప్పుడు తట్టింది నాకు. ఇన్ని నెలల్లో ఈ ఊళ్ళో ఒక్కరైనా మట్టల సంగతి నన్ను అడగలేదు. చర్చిలో అడగలేదు, బడిలో అడగలేదు, ఆ గట్టు రైతు అడగలేదు. పొద్దున విన్నది మధ్యాహ్నానికి ఊరంతా చాటే మనిషి, ఈ ఒక్క మాటను జూన్ నుంచి ఇప్పటి దాకా నోట్లోనే పెట్టుకుని మోస్తున్నారు. ఆవిడ నన్ను క్షమించారో లేదోనని నేను రోజూ ఆవిడ ముఖం చూసుకుంటూ తిరిగాను. ఆవిడ మాత్రం నా పరువు కాపాడుతూ వచ్చారు. నాకు సిగ్గూ వేసింది, ఆవిడ మీద చెప్పలేనంత ప్రేమా కలిగింది.

"నేనే తెచ్చానండీ" అన్నాను కంచె ఇవతల నుంచి, పెద్దగా. "చర్చి పండగకి కొబ్బరి మట్టలు తెచ్చాను. నేను జీవశాస్త్రం టీచర్ని. చూసి కూడా దుమ్మనుకున్నాను. తర్వాత తెలిసి కూడా రెండు నెలలు చెప్పలేదు."

పిన్నిగారు నా వైపు తిరిగి, "ఎవరడిగారు నిన్ను?" అని కసిరారు.

మైలవరం ఆయన నన్నూ, ఆవిడనూ మార్చి మార్చి చూశాడు. తర్వాత తల దించుకుని చేతిలో సంచీని అటూ ఇటూ తిప్పాడు.

"మావాడేనండీ" అన్నాడు. "మా అల్లుడు. ఎక్కణ్ణుంచో నాలుగు మొక్కలు తెచ్చి పెట్టాడు. ఆ తర్వాతే వచ్చింది. అమ్మాయి బాధపడుద్దని ఇంట్లో కూడా ఎవరితో అన్లేదు."

"ఏమీ అనకు" అన్నారు పిన్నిగారు. "ఊరు పేరు అడుగు చాలు."

ఆయన అక్కడే, కంచె పక్కన నిలబడి ఫోన్ తీసి అల్లుడికి కలిపాడు. అవతల ఎత్తగానే గొంతు తగ్గించి, "బాబూ, నిన్నేం అనడానికి కాదు. కంగారు పడమాక. ఆ కొబ్బరి మొక్కలు ఏ ఊళ్ళో తెచ్చావో ఒక్క మాట చెప్పు" అన్నాడు.